బొమ్మలోని క్రాపు మీ తలకు నప్పుతుందా?

ఆదివారం పొద్దున్న విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా క్షౌరశాల బల్ల మీద చోటు దొరకడం కష్టం. బొబ్బిలిలో, టెక్కలిలో, ఆమదాలవలసలో కూడా అదే వరస. కూర్చున్నవారిలో సగం మంది కుర్రాళ్ళు. ఒక్కొక్కరి చేతిలో సెల్‌ఫోను, అందులో ఒక హీరో బొమ్మో, ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మో.

"ఇలగే కొట్టీ బాబాయ్" అని ఒక కుర్రాడు బొమ్మ చూపించాడు. కత్తెర పట్టిన పెద్దాయన బొమ్మ చూశాడు, కుర్రాడి తల తడిమి చూశాడు.

"ఈ బొమ్మలో బాబుది ఒత్తు జుత్తు. నీది పలసన. ఇలగ కొడితే మాడు కనిపించేస్తాది. నా మాటిని పైన కొంచెం ఉంచుకో బాబూ."

కుర్రాడు వినలేదు. ఇరవై నిమిషాల తర్వాత అద్దంలో చూసుకుని, పక్క దుకాణంలో టోపీ ధర ఎంత ఉంటుందని వాకబు చేశాడు.

నవ్వులాటకు చెప్పుకున్నా ఇందులో నష్టం చిన్నది కాదు. చొక్కా నప్పకపోతే విప్పి పారేయవచ్చు. జుత్తు అలా కాదు. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. కత్తెర అయిదు నిమిషాల్లో తీసేసిన నాలుగు అంగుళాలు తిరిగి రావాలంటే ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. ఈలోగా పెళ్ళిచూపులు రావచ్చు, ఉద్యోగానికి పిలుపు రావచ్చు. అందువల్ల కుర్చీ ఎక్కక ముందే కాస్త ఆలోచించడం మంచిది.

ఒకరి నుదుటి కోసం పుట్టిన కట్

బొమ్మ చూసి జుత్తు కత్తిరించుకోవడం కొత్త సంగతి కాదు. ఒకప్పుడు గిరజాలు. 1970లలో చెవులు కప్పేసే హిప్పీ క్రాపు. ఇళ్ళలో తండ్రులకూ కొడుకులకూ దాని మీద జరిగిన యుద్ధాలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. 1980లలో చిరంజీవి క్రాపు కావాలన్న తరం వేరు. 2003లో 'తేరే నామ్' హిందీ సినిమా వచ్చాక నడినెత్తిన పాపిడి తీసి, రెండువైపులా జుత్తు కళ్ళ మీదికి వేలాడేసుకున్నవారు మన ఊళ్ళలోనూ కనిపించారు. వారిలో ఎందరికి అది నప్పిందో వారి పాత ఫోటోలు చూస్తే తెలుస్తుంది. చాలామంది ఆ ఫోటోలు బయటికి తీయరు.

ఆడవారి సంగతికి వస్తే 'సాధన కట్' కథ తెలుసుకోదగినది. 1960లో 'లవ్ ఇన్ సిమ్లా' అనే హిందీ చిత్రం వచ్చింది. నాయిక సాధనకు నుదురు వెడల్పు. తెర మీద అది మరీ వెడల్పుగా కనిపిస్తోందని దర్శకుడు ఆర్.కె. నయ్యర్ భావించారు. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ నుదుటి మీదికి జుత్తు దించుకునే తీరు ఆయనకు నచ్చింది. సాధనకూ ముందు జుత్తు అలాగే కత్తిరింపజేశారు. సినిమా నడిచింది. దేశమంతా ఆడపిల్లలు సెలూన్లలో 'సాధన కట్' అని అడగడం మొదలుపెట్టారు.

ఇక్కడే తిరకాసు ఉంది. ఆ కట్ పుట్టింది ఒక మనిషి వెడల్పు నుదుటిని కప్పడానికి. నుదురు మూడు వేళ్ళయినా లేనివారు కూడా దాన్నే పెట్టించుకుంటే ముఖం సగం మూసుకుపోతుంది. సాధనకు నప్పిందంటే దర్శకుడు ముందు ఆమె నుదురు చూసి, తర్వాత కత్తెర తెప్పించడం వల్లనే. మనవాళ్ళు కత్తెర ముందు తెప్పించి, నుదురు తర్వాత చూసుకుంటున్నారు.

మొదట జుత్తును పలకరించండి

ముఖం కన్నా ముందు చూడవలసినది జుత్తు స్వభావం. తలంటు పోసుకుని, నూనె రాయకుండా, దువ్వకుండా దాని మానాన దాన్ని ఆరనివ్వండి. ఆరిన తర్వాత అది ఎటు పడుతుందో, ఎక్కడ లేస్తుందో చూడండి. అదే దాని అసలు నడక. ఆ నడకకు ఎదురుతిరిగే క్రాపు పెట్టించుకుంటే రోజూ పొద్దున్న దువ్వెనతో కుస్తీ పట్టాలి.

పలుచని జుత్తు పొడుగ్గా ఉంటే ఇంకా పలుచగా, అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. కాస్త పొట్టిగా, అంచులు సమానంగా కత్తిరిస్తే నిండుగా ఉన్నట్టుంటుంది. బిరుసు జుత్తు ఇందుకు విరుద్ధం. మరీ పొట్టిగా కొడితే వరి కోసిన మడిలో మొదళ్ళలా నిక్కబొడుచుకుంటుంది. కాస్త పొడుగు ఉంచితే తన బరువుకు తానే పడుకుంటుంది. ఉంగరాల జుత్తువారు మరింత జాగ్రత్త పడాలి. తడిసినప్పుడు సాగి భుజం దాకా వచ్చిన జుత్తు ఆరగానే చుట్టుకుని చెవి దాకా ఎక్కుతుంది. తడి జుత్తు మీద కొలత పెట్టి కోస్తే అనుకున్నదానికన్నా రెండు అంగుళాలు పొట్టి అవుతుంది. పొడిగా ఉండగానే కత్తిరించమనాలి, లేదా ఆ మేరకు వదిలిపెట్టమనాలి.

తర్వాత సుడి. నడినెత్తిన జుత్తు గుండ్రంగా తిరిగే చోటు. రెండు సుళ్ళుంటే ఇద్దరు పెళ్ళాలని మన అమ్మమ్మలు ఆటపట్టించేవారు. పెళ్ళిళ్ళ సంగతి ఎలా ఉన్నా క్రాపుకు మాత్రం సుడి ముఖ్యమే. సుడి దగ్గర మరీ పొట్టిగా కోస్తే అక్కడి వెంట్రుకలు పిలకలా లేచి నిలబడతాయి, నూనె రాసినా పడుకోవు. చిన్నప్పటి నుంచి మీ తల చూసిన ఊరి నాయీబ్రాహ్మణ పెద్దకు మీ సుడి ఎక్కడుందో మీకన్నా బాగా తెలుసు. అతడి సలహాకు డబ్బు అడగడు. అడగకుండానే సలహా ఇస్తే మనం వినం.

అద్దం మీద సబ్బు గీత

ముఖం ఆకారం తెలుసుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. జుత్తంతా వెనక్కి లాగి కట్టి, అద్దం ముందు కదలకుండా నిలబడి, ఒక కన్ను మూసి, అద్దంలో కనిపించే ముఖం చుట్టూ సబ్బుముక్కతో గీత గీయాలి. పక్కకు జరిగి చూస్తే ముఖం గుండ్రమో, కోలో, పలకో తెలిసిపోతుంది. సెల్‌ఫోనులో ఎదురుగా ఫోటో తీసుకున్నా సరే. మరీ దగ్గర నుంచి మాత్రం తీయకూడదు, ముక్కు పెద్దదై ముఖం సన్నబడి కనిపిస్తుంది.

గుండ్రటి ముఖానికి పక్కలు తగ్గించి పైన కాస్త ఎత్తు ఉంచితే ముఖం సాగినట్టుంటుంది. కోల ముఖానికి అదే పని చేస్తే గుమ్మడి తీగకు కాసిన సొరకాయలా ఉంటుంది. వారికి పైన అణచి పక్కల నిండుగా ఉంచాలి. దవడలు పలకలుగా ఉన్నవారు చెవుల దగ్గర జుత్తును గీత గీసినట్టు కోయించుకోకుండా మెత్తగా దించుకోవాలి. చెవులు విచ్చుకుని ఉన్నవారికి చుట్టూ మెషిన్ పెట్టించడం తగదు. కళ్ళజోడు ఉన్నవారు చివరిలో ఒకసారి జోడు పెట్టుకుని చూసుకునే దాకా కుర్చీ దిగవద్దు. ఇవన్నీ శాసనాలు కావు. గుండ్రటి ముఖంవారు గుండ్రంగా కనిపించడమే ఇష్టమనుకుంటే కాదనడానికి మనమెవరం?

ఆడవారికి ఒక తేలిక పరీక్ష ఉంది. జడ కొయ్యకుండానే పొట్టి జుత్తు ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. జుత్తును వెనుక వదులుగా కట్టి, కొసలను లోపలికి మడిచి మెడ దగ్గర పిన్నులు పెడితే మెడ దాకా కత్తిరించినట్టే కనిపిస్తుంది. ముందు జుత్తు నుదుటి మీదికి కావాలనుకునేవారు నెత్తిన పిలకలా కట్టి దాని కొసను నుదుటి మీదికి దించి చూసుకోవాలి. రెండు రోజులు అలా ఇంట్లో తిరిగి, నచ్చితేనే కత్తెర.

పొలంలో, పడవలో, జీడిపిక్కల దగ్గర

పట్నం పత్రికలలో వచ్చే సలహాలు ముఖంతో ఆగిపోతాయి. మన జిల్లాల్లో అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. ఆ జుత్తుతో మీరు ఏ పని చేస్తారు?

వరి నూర్పిడి మిషను దగ్గర, పిండి మర దగ్గర, ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసు దగ్గర వేలాడే జడ ప్రాణం మీదికి తెస్తుంది. తిరిగే బెల్టులో జడ కొస చిక్కుకుంటే మిషను ఆపే లోపలే లాగేస్తుంది. నెత్తి చర్మంతో సహా ఊడివచ్చిన ప్రమాదాలు వైద్యులకు కొత్త కాదు. అక్కడ పనిచేసే రోజుల్లో జడను మడిచి ముడి వేసి పైన తువ్వాలు బిగించి కట్టాలి. చీర కొంగుకూ ఇదే మాట వర్తిస్తుంది. మన పల్లెల్లో ఆడవారు ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేటప్పుడు గట్టి కొప్పు పెట్టుకోవడం వెనుక అందం కన్నా ఈ తెలివే ఎక్కువ.

పలాస వైపు జీడిపిక్కలు కొట్టే, వలిచే పనిలో ఉన్నవారికి నుదుటి మీద పడే జుత్తు ఎంతమాత్రం పనికిరాదు. జీడిపిక్క తొక్కులోని నూనె చర్మాన్ని కాల్చి పొక్కులు తెస్తుంది. కళ్ళ మీద పడ్డ వెంట్రుకలు తోసుకోవడానికి అదే చేయి నుదుటికి వెళ్ళిందంటే మచ్చ మిగులుతుంది. సాధన కట్ ఇక్కడ పెట్టుకుంటే అందం కోసం వెళ్ళి ముఖం కాల్చుకున్నట్టే.

సముద్రం మీదికి వెళ్ళే మత్స్యకారులు, అందులోనూ నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ వైపు వలస పోయేవారు, సాధారణంగా పొట్టి క్రాపుకే మొగ్గుతారు. ఉప్పునీరు, గాలి జుత్తును ఎండగడతాయి. మంచినీటితో తల కడుక్కోవడం బోటు మీద రోజూ కుదరదు. మోటారు సైకిలు మీద తిరిగేవారు హెల్మెట్‌ను లెక్కలోకి తీసుకోవాలి. పైకి లేపి నిలబెట్టే క్రాపు హెల్మెట్ తీసేసరికి అణిగిపోతుంది. క్రాపు చెడుతుందని హెల్మెట్ మానేసేవారికి మా దగ్గర సలహా లేదు.

కోరుకొండ సైనిక పాఠశాల పిల్లలకూ, సైన్యంలోకీ పోలీసులోకీ వెళ్ళేవారికీ ఈ బెంగేమీ లేదు. వారి క్రాపు నిబంధనల్లోనే రాసి ఉంటుంది.

జడ ఎవరిది?

గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి విజయనగరంలోనే ప్రదర్శించారు. ఆ నాటకం పుట్టిన రోజుల్లో అగ్రహారాల్లో భర్త పోయిన స్త్రీకి, ఆమె పసిపిల్ల అయినా సరే, తల గొరిగించే ఆచారం ఉండేది. ఆమె ఇష్టాన్ని ఎవరూ అడిగేవారు కారు. ఆడదాని జుత్తు ఆమెది కాదు, ఇంటిది, కులానిది, ఊరిది అన్న ఆలోచనకు అదొక కఠినమైన రూపం.

ఆ ఆచారం పోయింది. ఆ ఆలోచన పూర్తిగా పోయిందా? కాలేజీకి వెళ్ళే పిల్ల జడ తగ్గించుకుంటానంటే ఇంట్లో నానమ్మ దగ్గర నుంచి మేనమామ దాకా అందరికీ ఒక మాట ఉంటుంది. "ఓలమ్మ, జుత్తు కోసీసుకుంటే పెళ్ళెలగవుతాదే?" అని ఒకరు. హాస్టల్లో పేలు పడ్డాయని అడగకుండానే జుత్తు కోసేసేవారు మరొక వైపు. ఒకరు ఉంచమని, మరొకరు తీయమని. పిల్ల మాత్రం ఎవరికీ కనబడదు.

పేలకు జుత్తు కొయ్యక్కర్లేదు. పేలమందు రాసి, వారం పదిరోజులకు మళ్ళీ రాసి, సన్న పళ్ళ దువ్వెనతో ఈపులు దువ్వి తీస్తే చాలు, ఇంట్లో అందరికీ ఒకేసారి చేయాలి. నానమ్మ భయానికీ సమాధానం ఉంది. ఒకేసారి నడుము నుంచి మెడకు దిగకుండా మొదట నాలుగు అంగుళాలు తగ్గించుకుంటే పిల్లకూ అలవాటవుతుంది, ఇంట్లోవారికీ అలవాటవుతుంది. పెళ్ళినాటికి నిండు జడే కావాలంటే సవరం ఎప్పుడూ ఉంది. మన పెళ్ళిపీటల మీద కనిపించే పొడుగు జడల్లో ఎన్ని సొంతవో పెళ్ళికూతుళ్ళకే తెలుసు.

జడ ఉంచుకునేవారికి కూడా ఒక మాట. రోజూ గుంజి బిగించి జడ వేస్తే కణతల దగ్గర, నుదుటి అంచున వెంట్రుకలు పలచబడతాయి. ఏళ్ళ తరబడి అలా లాగితే అవి మళ్ళీ రాకపోవచ్చు. బడికి వెళ్ళే పిల్లలకు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టే తల్లులు ఇది గమనించాలి.

గుండు తర్వాత

మన రెండు జిల్లాల నుంచి సింహాచలం వెళ్ళి అప్పన్న స్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చేవారు ఎందరో. మొక్కు మొక్కే. అయితే గుండు కొట్టిస్తే జుత్తు ఒత్తుగా వస్తుందన్న నమ్మకంలో నిజం లేదు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి పైపైనే నడుస్తుంది. కొత్తగా మొలిచిన వెంట్రుక కొస మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. పసిపిల్లల విషయంలోనూ ఇదే సంగతి.

గుండు తర్వాత మాత్రం కొత్త క్రాపు ఎంచుకోవడానికి మంచి సమయం. రెండో నెలలో తల ఆకారం, సుడి, జుత్తు పడే వైపు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు పక్కలు మాత్రం సర్దించుకుంటూ పైన పెరగనిస్తే నాలుగైదు నెలల్లో కావలసిన రూపానికి వస్తుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే చెవుల మీద గుబురై ముళ్ళపందిలా తయారవుతుంది.

టైఫాయిడు, డెంగ్యూ వంటి జ్వరాలు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకూ, కాన్పు అయిన తర్వాతా జుత్తు గుప్పెళ్ళుగా రాలడం చూసి కంగారు పడతారు. సాధారణంగా అది కొన్ని నెలల్లో ఆగి తిరిగి వస్తుంది. ఆ కాలంలో పొట్టిగా కత్తిరించుకుంటే పలచదనం కనిపించదు. గుండ్రంగా మచ్చల్లా ఊడినా, దురద, పొట్టు ఉన్నా నూనెలు మార్చడం మాని చర్మవైద్యుడికి చూపించాలి.

కుర్చీలో కూర్చున్నాక

"మీడియం" అన్నా "షార్ట్" అన్నా ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. వేళ్ళతో చూపించండి. మెషిన్ అయితే అంకె చెప్పండి. నంబరు 1 తొడుగుకు సుమారు 3 మిల్లీమీటర్లు మిగులుతుంది, 2కు 6, 3కు 9 పైచిలుకు, 4కు 12 పైచిలుకు. తెలియకపోతే 4తో మొదలుపెట్టించి చూసుకుని తగ్గించుకోవాలి. తగ్గించడం క్షణంలో పని. ఫోనులో బొమ్మ చూపించడం తప్పు కాదు గానీ "ఇలాగే కొట్టు" అనకుండా "నా జుత్తుకు ఇది కుదురుతుందా?" అని అడిగి చూడండి. క్రాపు బాగా కుదిరిన రోజున మీ సొంత ఫోటోలు నాలుగు వైపుల నుంచి తీసి ఉంచుకుంటే మరుసటి సారి హీరో అవసరమే రాదు.

గడ్డానికైనా గుండుకైనా కొత్త బ్లేడు మీ కళ్ళెదుటే వేయమనండి. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడితే రక్తం ద్వారా కామెర్ల వ్యాధులు, హెపటైటిస్ బి, సి సోకగలవు. ఇందులో మొహమాటం పనికిరాదు, మంచి దుకాణంవారు అడగక ముందే మారుస్తారు.

రంగు వేయించుకునేవారు చెవి వెనుక చుక్క రాసి 48 గంటలు ఆగి చూడాలి. నల్ల రంగుల్లో చాలావాటిలో ఉండే రసాయనం కొందరికి ముఖం వాచేట్టు చేస్తుంది. నల్ల మెహందీ పేరుతో వచ్చే పొట్లాలకూ ఈ జాగ్రత్త అవసరం. ఆ సీసాలు, పొట్లాలు ఇంట్లో పిల్లల చేతికి అందనివ్వకూడదు. కడుపులోకి వెళితే ప్రాణాంతకం.

ఇక స్ట్రెయిట్‌నింగ్. వేలు పోసి చేయించుకున్నది ఉన్న జుత్తుకే. మొదట్లో కొత్తగా మొలిచేది మళ్ళీ మీ పాత ఉంగరాలతోనే వస్తుంది. ఆరు నెలలకు తల మీద రెండు రకాల పంట. పంటలు రెండూ నచ్చేవారు చేయించుకోవచ్చు.

పెళ్ళి, జాతర, పండుగ దగ్గర పెట్టుకుని కొత్త ప్రయోగం చేయవద్దని అనుభవం ఉన్న ప్రతి క్షురకుడూ చెబుతాడు. పెళ్ళికైతే నెల ముందే ఒకసారి చేయించి చూసుకోవాలి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరం. మంగళవారం మన వైపు క్షౌరశాలలకు సెలవు. సోమవారం తొలేళ్ళు, ఆ రోజున దుకాణాల్లో నిలబడడానికి చోటుండదు, కత్తెర పట్టినవారికి మీ సుడి చూసే తీరికా ఉండదు. కొత్త క్రాపు అనుకుంటున్నవారు దసరాకు ముందే, జనం లేని ఒక బుధవారం మధ్యాహ్నం వెళ్ళడం మేలు.